ప్రథమ చికిత్స ట్రైనింగ్ అయ్యాక చేతులు మర్చిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

మిర్చి గోడౌన్, గుంటూరు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్‌ని. పోయిన వర్షాకాలంలో మా యాజమాన్యం మాలో కొందరిని ప్రథమ చికిత్స ట్రైనింగ్‌కి పంపింది. చాలా బాగా నేర్పారు. సీపీఆర్ (గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కడం, నోటితో శ్వాస ఇవ్వడం), రక్తం ఆపడం, గొంతులో ఏదైనా అడ్డం పడితే తీయించడం, కాలిన గాయాలు, పాము కాటు, అన్నీ మా చేత చేయించారు. ప్రాక్టీస్ కోసం పెట్టిన మనిషి బొమ్మ ఛాతీని సరిపడా లోతు నొక్కితే లోపల టక్కుమని శబ్దం వచ్చేది. రెండేళ్లు చెల్లే సర్టిఫికెట్ ఇచ్చారు.

ఇప్పుడు సీజన్ మొదలైంది. రోజూ లారీలు వస్తున్నాయి. ముఠా కూలీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) వీపున వేసుకుని ఛాంబర్లలో పై అంతస్తుల దాకా ఎక్కుతారు. తొడిమలు తీసే ఆడవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా షెడ్డులోనే ఉంటారు. యాభై దాటినవాళ్లు చాలామంది. ఛాంబర్లను చల్లబరిచే అమ్మోనియా ప్లాంటు కూడా ఉంది. ఎవరికి ఏమైనా నా వైపే చూస్తారు, ఎందుకంటే ఆఫీసు గోడ మీద ప్రథమ చికిత్స అని రాసి కింద నా పేరు, ఫోన్ నంబరు పెట్టారు.

నా టెన్షన్ అంతా అక్కడే ఉంది. ట్రైనింగ్‌లో ఇచ్చిన పుస్తకం చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటుంది. పుస్తకం మూశాక పెద్దవాళ్లకు ఎన్ని, పసిపిల్లలకు ఎన్ని, ఎంత లోతు, ఏది ముందు అన్నీ కలిసిపోతున్నాయి. రెండేళ్ల తర్వాత మళ్లీ పంపుతామన్నారు. అప్పటిదాకా ఎలా? మా దగ్గర బొమ్మ లేదు. కూలీల్లో చాలామందికి చదువు రాదు. రోజూ గంటలు గంటలు కేటాయించే పరిస్థితి సీజన్‌లో అసలు ఉండదు. ఎవరైనా నిజంగా ఆచరిస్తున్న పద్ధతి ఉంటే చెప్పండి.

—

బ్రాడీపేట కుర్రాడు:

అన్నా, యూట్యూబ్‌లో సీపీఆర్ వీడియోలు తెలుగులోనే బోలెడున్నాయి. నెలకోసారి చూస్తే చాలు, అన్నీ గుర్తుంటాయి. నేనైతే అలాగే చేస్తున్నా.

—

పటమట నర్సమ్మ (రిటైర్డ్ స్టాఫ్ నర్సు, విజయవాడ):

గోడౌన్ బాబూ, మీ ప్రశ్న చూసి చాలా సంతోషం వేసింది. గోడ మీద పేరు ఉంటే చాలనుకునేవాళ్లనే ఎక్కువగా చూశాను. నేను క్యాజువాలిటీలో, తర్వాత ఐసీయూలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కాలేజీలకూ అపార్ట్‌మెంట్లకూ వెళ్లి ఇదే నేర్పుతుంటాను.

ముందు బ్రాడీపేట తమ్ముడికి ఒక మాట. వీడియో చూడటం మంచిదే, మానొద్దు. కానీ దానివల్ల విషయం గుర్తుంటుంది, చేతికి పని రాదు. సీపీఆర్ నేర్చుకున్నవాళ్ల మీద జరిగిన పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలిందేమిటంటే, మూడు నుంచి ఆరు నెలల్లోనే చేతి పనితనం బాగా తగ్గిపోతుంది. తెలిసిన విషయం ఇంకొంత కాలం నిలుస్తుంది. అంటే 'నిమిషానికి 100 నుంచి 120 సార్లు' అని నోరు సరిగ్గానే చెబుతుంది. నొక్కమంటే చెయ్యి 80 దగ్గరో 140 దగ్గరో పోతుంటుంది, లోతు చాలదు, పైకి వదలాల్సినంత వదలరు. తేడా వాళ్లకే తెలియదు. అందుకే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ లాంటివాళ్లు కూడా రెండేళ్లకో పెద్ద క్లాసుతో సరిపెట్టకుండా, మధ్యలో తక్కువ సేపు ఎక్కువసార్లు ప్రాక్టీస్ పెట్టమంటున్నారు. మూడు నెలలకోసారి కొద్ది నిమిషాలు సిబ్బంది చేత బొమ్మ మీద నొక్కించే పద్ధతి కొన్ని దేశాల ఆస్పత్రుల్లో నడుస్తోంది.

కాబట్టి బాబూ, గంటలు అక్కర్లేదు. నెలకోసారి టీ టైమ్‌లో పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు ఎలా గడుపుతారన్నదే ముఖ్యం.

కుర్చీల్లో కూర్చుని 'సీపీఆర్‌లో మొదటిది ఏంటి?' అని క్విజ్ పెట్టొద్దు. షెడ్డులోకి వెళ్లి, 'ఇదిగో, మేస్త్రి ఇక్కడ పడిపోయాడు. చెయ్యండి' అనండి. ఆ చోటే చేయించండి. అప్పుడే అసలు ఇబ్బందులు బయటపడతాయి. టిక్కీల వరసల మధ్య మోకాళ్ల మీద కూర్చోవడానికి చోటు ఉండదు, మనిషిని లాగాలి. ఛాంబర్ లోపల ఫోన్ సిగ్నల్ అందదు. 108కి చేసినవాడు 'కోల్డ్ స్టోరేజీ అండీ' అంటాడు. మీ రోడ్డులో ఎన్ని కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయో మీకు తెలుసు! అందుకే అడ్రస్ పైకి చెప్పించండి: ఏ రోడ్డు, ఏ మలుపు, గేటు ఎదురుగా ఏముంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మనిషి పక్కన ఉంచాలి. ఒకరు గేటు దగ్గరికి పరిగెత్తి లారీలు పక్కకు తీయించాలి. ఇదంతా ప్రథమ చికిత్సే. దీన్ని ఎవరూ ప్రాక్టీస్ చేయరు.

ఇంకోటి, చాలామంది ఆగిపోయేది నొక్కడం దగ్గర కాదు, అంతకుముందే. 'ఊపిరి ఉందా లేదా' అన్న దగ్గర. గుండె ఆగిన మనిషి మొదటి కొద్ది నిమిషాలు నోరు తెరిచి ఎగశ్వాసలా అప్పుడొకటి అప్పుడొకటి గుటకలు వేయొచ్చు. చుట్టూ ఉన్నవాళ్లు 'ఊపిరి ఆడుతోంది, నీళ్లు చల్లండి' అంటారు. విలువైన నిమిషాలన్నీ అక్కడ పోతాయి. నేను క్యాజువాలిటీలో ఉన్నప్పుడు తీసుకొచ్చినవాళ్ల నోటి నుంచి ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! పిలిస్తే పలకడం లేదు, మామూలుగా ఊపిరి తీయడం లేదు అంటే మొదలుపెట్టేయాలి. చూడటానికి పది సెకన్లకు మించి తీసుకోకూడదు. ప్రతి నెలా మీరు ఆ గుటకలు వేసి చూపించండి, చూసినవాళ్ల చేత 'ఇది ఊపిరి కాదు' అని అనిపించండి. సిగ్గుపడకండి బాబూ, ఆ ఒక్కటి వాళ్ల కళ్లకు అలవాటైతే చాలా మేలు.

బొమ్మ లేదన్నారు. గట్టి దిండు గానీ, మడతపెట్టి తాడుతో కట్టిన గోనె సంచుల కట్ట గానీ నేల మీద పెట్టండి. దానితో లోతు రాదు, ఆ సంగతి ముందే తెలుసుకోండి. మనిషి ఛాతీ గట్టిగా ఉంటుంది, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా దిగాలి, దానికి నిజంగా బరువు వేయాలి. కానీ మోకాళ్లు పడిన మనిషికి దగ్గరగా పెట్టడం, మోచేతులు వంచకపోవడం, భుజాలు చేతులకు సూటిగా పైన ఉంచడం, నొక్కినంతా వదలడం, వేగం, ఇవన్నీ సంచి కట్ట మీద వస్తాయి. వేగానికి ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ (టక్ టక్‌మని లయ కొట్టేది) వేసుకుని నిమిషానికి 110 పెట్టండి. ముందు శబ్దంతో చేసి, తర్వాత శబ్దం ఆపేసి చేయించి, మళ్లీ పెట్టి చూడండి. ఎంత తప్పుతున్నారో అక్కడే తెలిసిపోతుంది.

టైమర్ రెండు నిమిషాలకు పెట్టండి. రెండు నిమిషాలు ఆపకుండా నొక్కితే ఎంత అలసటో నొక్కినవాళ్లకే తెలుస్తుంది. నిమిషం దాటేసరికే లోతు తగ్గడం మొదలవుతుంది, నొక్కేవాడికి మాత్రం బాగానే నొక్కుతున్నట్టు ఉంటుంది. అందుకే రెండు నిమిషాలకు మనిషి మారాలి. ఆ మారడం కూడా ప్రాక్టీస్ చేయాలి: రెండోవాడు ముందే ఎదురుగా మోకాళ్ల మీద సిద్ధంగా ఉండాలి, మధ్యలో విరామం రాకూడదు.

లోతు కోసం మూడు నాలుగు నెలలకోసారైనా అసలు బొమ్మ మీద చెయ్యి వేయాలి. మీకు ట్రైనింగ్ ఇచ్చినవాళ్లనే అడగండి, చాలామంది గంట సేపు రానిస్తారు. రెడ్ క్రాస్ శాఖలో, దగ్గరున్న నర్సింగ్ కాలేజీలో అడగండి. అక్టోబర్ 16 ప్రపంచమంతా గుండెను మళ్లీ కొట్టించడం గురించి ప్రచారం చేసే రోజు. ఆ వారంలో మెడికల్ కాలేజీలు జనానికి ఉచితంగా నేర్పిస్తుంటాయి.

చదువు రాని కూలీల సంగతి. వాళ్లకు నోటి శ్వాస నేర్పాలని కష్టపడొద్దు. మన దేశంలో ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ ఫెడరేషన్ వాళ్లు సామాన్యుల కోసం తయారుచేసిన పద్ధతిలో నోటి శ్వాసే లేదు: గుర్తించడం, అంబులెన్స్ పిలవడం, ఆపకుండా ఛాతీ నొక్కడం, అంతే. ముఠా కూలీల చేతుల్లో ఉన్న బలం మీకూ నాకూ లేదు బాబూ. వాళ్లకు ఎక్కడ నొక్కాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో తెలిస్తే, రెండు నిమిషాలకొకరు మారుతూ అంబులెన్స్ వచ్చేదాకా నిలబెట్టగలరు. మీ ఒక్కరి చేతుల మీద అంతా పెట్టుకోకండి.

అంకెలు కలిసిపోతున్నాయన్నారు. ఒంటరిగా చేసేవాళ్లకు పెద్దలకైనా పిల్లలకైనా 30 నొక్కులు, 2 శ్వాసలే. 15:2 అనేది పిల్లలకు ఇద్దరు కలిసి చేసే ఆస్పత్రి సిబ్బంది కోసం. మీరు 30:2 ఒక్కటే పట్టుకోండి, మిగతాది వదిలేయండి. పిల్లలకు లోతు ఛాతీ మందంలో మూడో వంతు. గోడ మీద మీ పేరు కింద ఈ రెండు ముక్కలూ రాయించండి, పుస్తకం తెరిచే పని ఉండదు.

ఇక మిగతా విషయాలు ఎప్పుడేది చేయాలంటే, నేను కార్తెలూ పండగలూ చూసుకుంటాను. ఏ ప్రమాదం ఎక్కువగా వచ్చే కాలానికి ముందు అది. ఉగాది వెళ్లగానే వడదెబ్బ. మన బెజవాడ, గుంటూరు ఎండల సంగతి చెప్పేదేముంది, రోహిణి కార్తె దాకా ఆగితే ఆలస్యమే. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా నీడకు చేర్చి ఒంటి మీద ధారాళంగా నీళ్లు పోసి ఫ్యాన్ వేయాలి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాలి, స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. దీన్ని మాటల్లో చెప్పి ఊరుకోకుండా బకెట్ ఎక్కడుంది, పైపు ఎంత దూరం వస్తుంది, ఐసు ఎవరు తెస్తారు అని నడిచి చూడండి. తొలకరికి పాము కాటు, కరెంటు షాకు. మీ కూలీలు పొలాల నుంచి వచ్చేవాళ్లే కాబట్టి ఇది వాళ్ల ఇళ్లకూ పనికొస్తుంది: తాడు బిగించొద్దు, కోయొద్దు, నోటితో లాగొద్దు, కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పి కూడా పెద్దగా ఉండదు, పొద్దున్నే కళ్లు మూతలు పడుతున్నాయంటే అనుమానించాలి. దీపావళికి ముందు కాలిన గాయాలు: కుళాయి కింద 20 నిమిషాలు. పేస్టు, పసుపు, సిరా ఏవీ వద్దు. ఆ 20 నిమిషాలు గడియారం చూస్తూ చేయించండి, రెండు నిమిషాలకే చెయ్యి తీసేస్తారు జనం. కార్తీకానికి నీళ్ల ప్రమాదాలు, నదీ స్నానాలకు కుటుంబాలతో వెళ్తారు కదా. సంక్రాంతికి రోడ్డు ప్రమాదాలు, రక్తం ఆపడం. గొంతులో అడ్డం పడటానికి కాలం లేదు, దాన్ని ఏ నెలలోనైనా పెట్టుకోండి.

అమ్మోనియా గురించి నేను చెప్పడం కన్నా మీ ప్లాంటు ఆపరేటర్ చేత చెప్పించండి. నా వంతుగా రెండు మాటలు: మాస్కు లేకుండా రక్షించడానికి లోపలికి వెళ్లిన మనిషే రెండో బాధితుడవుతాడు, అందుకే గాలి ఎటు వీస్తోందో చూసుకుని ఎదురు వైపుకు అందరినీ బయటికి తేవడం ముందు నేర్పాలి. కళ్లలో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడగాలి.

—

పున్నమి ఘాట్ వైపు:

నర్సమ్మ గారికి నమస్కారం. నేను గజ ఈతగాణ్ణి, కార్తీక మాసంలో, పుష్కరాల టైమ్‌లో ఘాట్ల దగ్గర డ్యూటీ వేస్తారు. నీళ్ల విషయంలో ఒక్కటి కలుపుతాను. మునిగిన మనిషికి గాలి లేకే గుండె ఆగుతుంది, కాబట్టి నేర్చుకున్నవాళ్లు నోటి శ్వాసతోనే మొదలుపెట్టాలి, తర్వాత 30:2. మొదట రెండు శ్వాసలని కొన్నిచోట్ల, ఐదని కొన్నిచోట్ల నేర్పుతారు. మీకు ఏది నేర్పారో అదే చేయండి, ఒడ్డున నిలబడి వాదించుకోవద్దు. తలకిందులుగా పట్టుకోవడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం పెద్దలు ఇప్పటికీ చేయమంటారు. అది టైమ్ పోగొట్టడమే, కక్కినది ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది.

ఇంకా మేం సీజన్‌కి ముందు మళ్లీ మళ్లీ చేసేది తాడు విసరడం. తాడు చివర మూత బిగించిన ఖాళీ క్యాన్ కట్టి గుర్తు పెట్టిన చోట పడేలా విసురుతాం. ఈత రానివాళ్లు కూడా ఇది నేర్చుకోవచ్చు. కాపాడాలని దూకి తామూ పోయినవాళ్లను చూశాను, అందుకే చెబుతున్నా. ముందు విసరండి, అందించండి. దూకడం మా పని.

—

ఏలూరు రోడ్డు షాపు:

మంచి చర్చ. నాది ఒకటే డౌటు. మనం నొక్కితే పక్కటెముక విరిగిందనుకోండి, లేదా మనిషి దక్కలేదనుకోండి, పోలీసులు, కేసులు అంటే? మా షాపు ముందు యాక్సిడెంట్ అయితే జనం దగ్గరికి పోకుండా వీడియో తీసేది ఈ భయంతోనే అనిపిస్తుంది.

—

పటమట నర్సమ్మ:

ఎముక విరగొచ్చు, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లకు. అప్పుడు చేతులు సరైన చోట ఉన్నాయో లేదో చూసుకుని కొనసాగించాలి. విరిగిన ఎముక అతుక్కుంటుంది. గుండె ఆగిన మనిషి మన భయం పోయేదాకా ఆగడు.

చట్టం విషయంలో ధైర్యంగా ఉండండి. సాయం చేసినవాళ్లను వేధించకూడదని కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016 మార్చి 30న దేశమంతా పాటించాల్సిందేనని చెప్పింది. తర్వాత 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 134ఎ సెక్షన్ వచ్చింది. రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయపడిన మనిషి మీద, ఆ సాయంలో పొరపాటు జరిగి గాయమైనా, ప్రాణం పోయినా సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. మీ షాపు దగ్గర ఎవరైనా భయపడితే ఈ సెక్షన్ నంబరు చెప్పండి.

—

మంగళగిరి టీచర్:

మా అమ్మాయికి నెలల బాబు ఉన్నాడు కాబట్టి మేం ఇంట్లో ఒక బట్ట బొమ్మతో ప్రాక్టీస్ చేస్తున్నాం. పసిపిల్లల గొంతులో అడ్డం పడితే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి భుజాల మధ్య ఐదు దెబ్బలు, తిప్పి ఛాతీ మధ్యలో రెండు వేళ్లతో ఐదు నొక్కులు అని నేర్చుకున్నాం. ఇంట్లో తాతగారు, నానమ్మ కూడా చేస్తారు. నర్సమ్మ గారూ, ఇది సరైనదేనా? కనబడకపోయినా నోట్లో వేలు పెట్టి తీయాలా?

—

పటమట నర్సమ్మ:

అమ్మా, పద్ధతి సరైనదే. రెండు వేళ్లకు బదులు అరచేతి మడమతో, అంటే మణికట్టు దగ్గరి భాగంతో, నొక్కమని ఈ మధ్య కొత్త సూచనలు వచ్చాయి, మళ్లీ క్లాసుకు వెళ్లినప్పుడు అది చేసి చూడండి. కనబడని వస్తువు కోసం వేలు పెట్టొద్దు, ఇంకా లోపలికి పోతుంది. పసిపిల్లలకు పొట్ట మీద నొక్కడం అసలు చేయకూడదు. బాబు గట్టిగా ఏడుస్తున్నా, దగ్గుతున్నా దెబ్బలు వేయొద్దు, దగ్గనివ్వండి. తాతగారినీ నానమ్మనూ కలుపుకోవడం ఎంతో మంచి పని. పగలంతా బిడ్డ దగ్గర ఉండేది వాళ్లే కదా.

—

మిర్చి గోడౌన్, గుంటూరు:

అమ్మా, ఇంత వివరంగా రాసినందుకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఈత అన్నకు, టీచర్ గారికి కూడా. నిన్న సాయంత్రం లారీలు వెళ్లాక మేస్త్రిని, నలుగురు కూలీలను పిలిచి షెడ్డులో మొదలుపెట్టాం. గోనె సంచుల కట్ట భేషుగ్గా పనికొచ్చింది. మేస్త్రి రెండు నిమిషాలు నొక్కి 'ఇది టిక్కీ మోసినదానికన్నా కష్టం' అన్నాడు. మీరు చెప్పినట్టు ఛాంబర్ లోపల ఫోన్ పలకలేదు. తలుపు దగ్గర ఎప్పుడూ ఒకరు ఉండాలని నిర్ణయించుకున్నాం. ప్లాంటు ఆపరేటర్ వచ్చే వారం మాస్కులు తీసి చూపిస్తానన్నాడు. తొడిమలు తీసే ఆడవాళ్లు మాకూ నేర్పమని వాళ్లే అడిగారు. వాళ్లకు ఎవరైనా ఆడవాళ్లు నేర్పితే బాగుంటుందని మేస్త్రి అంటున్నాడు.

ఒక్క సందేహం. కూలీల్లో ఒక కుర్రాడు 'సంచి మీద లోతు తెలియడం లేదు, నా ఛాతీ మీద మెల్లగా నొక్కి చూడండి' అన్నాడు. చేయొచ్చా?

—

పటమట నర్సమ్మ:

వద్దు బాబూ, మెల్లగా కూడా వద్దు. బతికున్న మనిషి ఛాతీ మీద సీపీఆర్ ప్రాక్టీస్ చేయకూడదు, గుండె లయ దెబ్బతినొచ్చు, ఎముకలు విరగొచ్చు. గొంతులో అడ్డం పడితే పెద్దవాళ్లకు పొట్ట మీద నొక్కే పద్ధతి కూడా అంతే, చేతులు ఎక్కడ పెట్టాలో చూపించి ఆపేయండి. ఆ కుర్రాడి ఉత్సాహం వృథా పోనివ్వకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టడం అతని మీద చేయించండి. ఊపిరి ఆడుతూ స్పృహ లేనివాళ్లకు, మూర్ఛ ఆగినవాళ్లకు అది కావాలి. బరువైన మనిషిని ఒక్కరే ఎలా తిప్పాలో మనిషి మీద చేస్తేనే వస్తుంది. మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టకూడదని కూడా అప్పుడే చెప్పండి.

ఆడవాళ్లకు నేర్పడానికి నేనే వస్తాను. సీజన్‌లో మీకు వీలైన రోజు ఇక్కడే రాయండి, పొద్దున్నే బస్సెక్కితే వాళ్లు పనిలోకి దిగేలోపే వచ్చేస్తాను. నా దగ్గర ఒక పాత బొమ్మ ఉంది, అది కూడా తెస్తాను. లోతు అందరికీ దాని మీదే చూపిద్దాం.